గద్దె వారసత్వపు ఆస్తి కాదు

మన చివ్వెంల, సూర్యాపేట వాళ్లకు దేవరకొండ, భువనగిరి కోటల పేర్లు కొత్త కాదు. 2016 దాకా ఇవన్నీ ఒకే నల్లగొండ జిల్లాలో ఉండేవి. గోల్కొండ గద్దె కోసం ఒకే తండ్రి బిడ్డల మధ్య సాగిన కలహంలో ఒకరు దేవరకొండ నుండి పారిపోయారు, మరొకరు భువనగిరి కోటలో బందీ అయ్యారు.

1543లో గోల్కొండ రాజ్య స్థాపకుడు సుల్తాన్ కులీ ముదిమి వయసులో, మసీదులో హత్యకు గురయ్యాడు. చంపినవాడు కోట అధికారి. చంపించినవాడు కన్నకొడుకు జంషీద్ అని చరిత్రకారులు రాశారు. తండ్రి వారసుడిగా ఎంచుకున్న అన్న కుతుబుద్దీన్‌ను కూడా జంషీద్ గుడ్డివాణ్ణి చేయించాడు. దేవరకొండలో ఉన్న తమ్ముడు ఇబ్రహీం బీదరుకు, అక్కడి నుండి విజయనగరానికి వెళ్లి, అళియ రామరాయల నీడన సుమారు ఏడేళ్లు గడిపాడు. 1550లో జంషీద్ జబ్బుతో చనిపోగా, అతని పసికొడుకు సుభాన్‌ను గద్దెనెక్కించారు. సర్దారు జగదేవరావు భువనగిరిలో ఉన్న మరో సోదరుడు దౌలత్ కులీ పక్షం వహించాడు. చివరకు ఇబ్రహీం తిరిగివచ్చి అదే ఏడు రాజయ్యాడు, 1580 వరకు పాలించాడు. తెలుగు కవులను ఆదరించిన రాజుగా ఆయనకు మంచి పేరుంది. కానీ తనకు ఆశ్రయమిచ్చిన రామరాయల మీదికే 1565లో సైన్యంతో వెళ్లాడన్న సంగతిని మేము దాచదలచుకోలేదు.

ఇక షరీఅత్ మాటకు వద్దాం. రాజ్యాధికారం ప్రజల అమానతు. అది మృతుడి ఆస్తిలో భాగం కాదు, కొడుకులు పంచుకునే సొమ్మూ కాదు. పదవిని అడిగి తీసుకోవద్దని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) హెచ్చరించారు. ఆస్తి విషయంలోనైతే, హంతకుడికి హతుని వారసత్వం దక్కదు. అయితే స్వయంగా చంపినవాడికే ఈ నిషేధం వర్తిస్తుందనీ, పురికొల్పినవాడికి వర్తించదనీ హనఫీ ఫిఖ్హ్ పండితులు అంటారు. అంతమాత్రాన జంషీద్ పాపం తేలికైపోదు.

రాజుల ముచ్చట మనకెందుకని కొందరు అడగవచ్చు. హైవే పక్క భూమి ధర పెరిగిన కొద్దీ మన ఇళ్లలోనూ అన్నదమ్ములు సలాం చెప్పుకోవడం మానేస్తున్నారు. తండ్రి పోయాక భూమిని ఏళ్ల తరబడి పొత్తులోనే ఉంచి, పెద్దవాడు ఒక్కడే అనుభవించడం చాలాచోట్ల ఈ తగవుకు మూలం. సూరయె నిసాలో అల్లాహ్ వాటాలను నిర్ణయించాడు. వాటిలో పెద్దకొడుకుకు ప్రత్యేక హక్కంటూ ఏదీ లేదు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఖననం ఖర్చులు, అప్పులు, మూడోవంతుకు మించని వసీయత్ పోగా ఒక ఎకరం, అంటే 40 గుంటలు మిగిలిందనుకోండి. వారసులు భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు మాత్రమే. భార్యకు ఎనిమిదోవంతు, 5 గుంటలు. మిగిలిన 35లో కొడుకులకు చెరి 14, కూతురికి 7.

ఆ 7 గుంటల దగ్గరే మనవాళ్లు తడబడతారు. "చెల్లె మాఫ్ చేసింది" అంటారు. పుట్టింటి రాకపోకలు తెగిపోతాయన్న భయంతో అన్న మాట మాఫీ కాదు. ముందు ఆమె వాటాను విడదీసి ఆమె స్వాధీనం చేయాలి. ఆ తర్వాత ఆమె తన ఇష్టంతో ఎవరికైనా ఇచ్చుకోవచ్చు, లేదా తనే సాగు చేయించుకోవచ్చు.