టైమింగ్ బెల్టు: రబ్బరు వృద్ధాప్యం

కారు ఇంజనులో క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరిగేసరికి కామ్ షాఫ్టు సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. ఈ లెక్క తప్పకుండా చూసే పళ్ళపట్టీయే టైమింగ్ బెల్టు. 1962లో జర్మనీలో తయారైన గ్లాస్ 1004 కారుతో ఇది వాడుకలోకి వచ్చింది. అంతకుముందు ఆ పని ఉక్కు గొలుసులదీ, పళ్ళచక్రాలదీ.

తొలినాటి బెల్టులు నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరుతో చేసినవి. లోపలి గాజునూలు పేటలు వాటికి బలం. ఈ రబ్బరు అణుమాలలో కర్బన పరమాణువుల మధ్య ద్విబంధాలు మిగిలి ఉంటాయి. చిక్కంతా అక్కడే. ఇంజను వేడిలో ప్రాణవాయువు, గాలిలోని ఓజోను అణుమాలపై దాడి చేయగా రబ్బరు క్రమంగా గట్టిపడి, పళ్ళ మొదళ్ళలో బీటలు వారుతుంది. కారు షెడ్డులో ఊరికే ఉన్నా ఈ క్రియ పూర్తిగా ఆగదు. తయారీదారులు మైళ్ళతోపాటు సంవత్సరాల గడువు కూడా విధించేది ఇందుకే. తక్కువ తిరిగిన బండి అని మురిసిపోయేవారికి ఈ సంగతి తట్టదు! తరువాతి బెల్టులలో హైడ్రోజన్ చేర్చిన నైట్రైల్ రబ్బరు వాడారు. ద్విబంధాలు చాలావరకు తొలగిపోవడంతో ఆయుర్దాయం పెరిగింది.

బెల్టు తెగితే కొన్ని ఇంజన్లు ఆగిపోతాయి, అంతే. మరికొన్నింటిలో తెరచి ఉన్న కవాటాన్ని పైకి వచ్చిన పిస్టన్ ఢీకొని వంచేస్తుంది. అప్పటి మరమ్మతు ఖర్చు ఒక్కోసారి పాతకారు విలువనే మించుతుంది. కనుక కొనేటప్పుడు బెల్టు మార్చిన రసీదు అడగాలి. అది లేకుంటే మార్చలేదనే భావించాలి. ఆ బెల్టుతోనే తిరిగే వాటర్ పంపు ఉంటే దానినీ, టెన్షనర్‌నూ కలిపి మార్పించడం మేలు; అక్కడిదాకా విప్పడానికే కూలి ఎక్కువ.