రొమ్ములో గడ్డ: శస్త్రచికిత్సయు, కిరణచికిత్సయు

హైదరాబాదు నగరమున అమీర్‌పేట సందులు చదువులకై వచ్చిన యువజనులతో నిండియుండును. ఆ గదులలోనే మూడు వారములో, ఐదు వారములో బసచేసి, మెట్రో రైలులో తరువాతి స్టేషనైన పంజాగుట్టలో దిగి నిమ్స్ ఆసుపత్రికి పోయివచ్చు పల్లెటూరి స్త్రీలును కలరు. ఈ ప్రయాణము ఎందులకో పంచాయతీ సభ్యులు ఎరిగియుండుట అవసరమని తలంచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

క్యాన్సరును మన పెద్దలు రాచపుండు అనిరి. రొమ్ము విషయమున ఈ పేరు మోసము చేయును. పుండు పడువరకు వేచియున్నచో తొలిదశ దాటిపోవును. మొదట కానవచ్చునది తరచు నొప్పిలేని గడ్డ. నొప్పి లేదు గనుకనే స్త్రీలు ఎవరికిని చెప్పరు. చర్మము సొట్టపడుట, చనుమొన క్రొత్తగా లోనికి పోవుట, నెత్తురు స్రవించుట కూడ గమనింపదగినవి. ప్రతి గడ్డయు క్యాన్సరు కాదు. సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించిన గాని తేలదు.

చెప్పక దాచుటకు మరియొక కారణము రొమ్మును తీసివేయుదురను భయము. అది నిరాధారమైనది కాదు. పందొమ్మిదవ శతాబ్దపు చివర అమెరికా వైద్యుడు హాల్‌స్టెడ్ రొమ్మును, ఛాతికండరములను, చంకలోని గ్రంథులను కలిపి తొలగించు పద్ధతిని ప్రచారము చేసెను. ఎంత ఎక్కువ కోసిన అంత మేలని వైద్యలోకము చాలకాలము నమ్మెను. 1973లో ఇటలీదేశపు మిలాన్ నగరమున వెరొనేసి అను వైద్యుడు దీనిని పరీక్షకు పెట్టెను. చిన్న గడ్డలుగల 701 మంది స్త్రీలలో కొందరికి రొమ్మంతయు తీసివేసిరి. తక్కినవారికి గడ్డయున్న భాగమును మాత్రమే తీసి కిరణచికిత్స చేసిరి. ఇరువది సంవత్సరముల తరువాత, 2002లో, లెక్క చూడగా రెండు తెగలవారును ఒకే విధముగ జీవించిరని తేలెను.

అదే కాలమున అమెరికాలో ఫిషర్ జరిపిన పరిశోధనలో మరియొక సంగతి బయటపడెను. గడ్డ తీసి కిరణచికిత్స చేయనివారిలో నూటికి సుమారు 39 మందికి అదే రొమ్ములో వ్యాధి తిరిగి వచ్చెను. చేయించుకొన్నవారిలో 14 మందికి మాత్రమే. సభ్యులు జ్ఞాపకముంచుకొనవలసిన అంకెలివి. పొలములో తుంగ పెరికినను గడ్డ మట్టిలో మిగిలినట్లు, కంటికి కానరాని కణములు రొమ్ములో మిగిలియుండవచ్చును. వానిని చంపుటకే కిరణములు.

ఈ చికిత్స వారమునకు ఐదు దినములు, నేడు తరచు మూడు వారములు జరుగును. కొందరికి ఇంకను ఎక్కువ. ప్రతిసారి యంత్రము క్రింద కొన్ని నిమిషములు పరుండిన చాలును. కరెంటు పెట్టుదురను మాట వట్టిది, నొప్పియుండదు. చర్మము కమిలినట్లగును, అలసట కలుగును. ఛాతిపై పెట్టిన గుర్తులను తుడిచివేయరాదు. బయటి యంత్రముతో కిరణములు పెట్టించుకొన్న తల్లి ఇంటికి వచ్చి బిడ్డను ఎత్తుకొనవచ్చును. ఆమె నుండి ఎవరికిని ఏమియు అంటదు.

అందరికిని ఈ పద్ధతి తగదు. గడ్డ మిక్కిలి పెద్దదైనను, రొమ్మునందు పలుచోట్ల వ్యాపించినను, రొమ్ము తీయవలసి రావచ్చును. గర్భిణికి కిరణములు పెట్టరు.

చిక్కు సాధారణముగ శస్త్రచికిత్స ముగిసిన పిమ్మట వచ్చును. “కోత అయినది గదా, ఇంకెందుకు?” అని ఇంటివారు అందురు. పత్తి ఏరు దినములైన మరియు కష్టము. ఇచ్చట పంచాయతీ సభ్యుని మాట పనిచేయును. ఆమె తిరిగివచ్చువరకు పిల్లలకు అన్నము పెట్టువారెవరు, పశువులను చూచువారెవరు, తోడు పోవువారెవరు అను మూడు ప్రశ్నలకు ముందుగనే జవాబు కుదుర్చవలెను. ఖర్చు విషయమున 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము క్యాన్సరు చికిత్సకు వర్తించును. తెలంగాణమున దాని పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెంచిరి. కార్డు వెంట తీసికొనిపోయి ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసికొనవలెను. నిమ్స్ గాక, అదే మెట్రో మార్గమున లక్డీకాపూల్ స్టేషనుకు సమీపమున రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వపు ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రియు కలదు.

చికిత్స ముగిసిన తరువాతను డాక్టరు చెప్పిన తేదీలకు పోవలెను. సంవత్సరమునకు ఒకసారి రెండు రొమ్ములకును మామోగ్రాము తీయింతురు.