నైట్ అవుట్ చేస్తే జలుబు ఎందుకొస్తుంది?

కరోనా టైంలో రోగనిరోధక శక్తి పేరు చెప్పి ఇంట్లో మనచేత ఎన్ని తాగించారో గుర్తుందా? మిరియాల కషాయం, పసుపు పాలు, పొద్దున్నే నిమ్మరసం, పైన జింక్ మాత్ర, సి విటమిన్ మాత్ర. ఇమ్యూనిటీ అనే మాట తాతయ్యల నోట్లో కూడా నలిగిపోయింది. అన్నిట్లోకీ పైసా ఖర్చు లేనిది నిద్ర. దాని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడినా మనం వినే రకం కాదనుకోండి. ఇంజినీరింగ్ కాలేజీలో "రాత్రంతా పడుకోలేదు మామా" అనే మాటలో బాధ కన్నా గర్వమే ఎక్కువ వినిపిస్తుంది.

సెమ్ ఎగ్జామ్స్ మొదలైన మూడో రోజుకో నాలుగో రోజుకో హాస్టల్ కారిడార్ అంతా దగ్గులు, తుమ్ములు. వాతావరణం మారిందంటారు, మెస్‌లో నీళ్లు బాలేవంటారు. అందులో కొంత నిజం ఉండొచ్చు. కానీ నిద్రకీ జలుబుకీ ఉన్న లింకుని కొంతమంది శాస్త్రవేత్తలు నేరుగా కొలిచి చూశారు. కొలిచిన పద్ధతి వింటే కొంచెం నవ్వొస్తుంది కూడా.

అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ ఉంది. మన సీఎస్ వాళ్లందరికీ ఆ పేరు కంప్యూటర్ల వల్లే తెలుసు. కానీ అక్కడి సైకాలజీ ప్రొఫెసర్ షెల్డన్ కోహెన్ చాలా ఏళ్లు చేసిన పని వేరు: ఆరోగ్యంగా ఉన్నవాళ్ల ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసి, ఎవరికి జలుబు చేస్తుందో చూడటం. 2009లో అచ్చయిన ప్రయోగంలో 153 మంది పాల్గొన్నారు, వయసు 21 నుంచి 55 వరకు. ముందుగా 14 రోజులపాటు రోజూ "నిన్న రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు?" అని అడిగి రాసుకున్నారు. తర్వాత అందరినీ విడిగా ఉంచి రైనోవైరస్ చుక్కలు వేశారు. అయిదు రోజులు గమనించారు. ముక్కు ఎంత కారిందో తేల్చడానికి వాళ్లు వాడి పడేసిన టిష్యూ కాగితాలను తూకం వేశారు! నిజంగానే.

ఎనిమిది గంటలు, ఆపైన పడుకునేవాళ్లతో పోలిస్తే ఏడు గంటల కన్నా తక్కువ పడుకునేవాళ్లకి జలుబు వచ్చే అవకాశం దాదాపు మూడు రెట్లు ఉంది. కచ్చితంగా చెప్పాలంటే 2.94 రెట్లు. వైరస్ అందరికీ ఒక్కటే. తేడా లోపలికెళ్లాక వచ్చింది.

నన్ను ఆపేసిన అంకె మాత్రం ఇది కాదు. మంచం మీద ఉన్న సమయంలో ఎంత శాతం నిజంగా నిద్రపోయారనేది కూడా వాళ్లు లెక్కగట్టారు. 98 శాతం, ఆపైన ఉన్నవాళ్లతో పోలిస్తే 92 శాతం కన్నా తక్కువ ఉన్నవాళ్లకి జలుబు అవకాశం అయిదున్నర రెట్లు. ఎనిమిది గంటలంటే 480 నిమిషాలు. అందులో ఎనిమిది శాతం అంటే సుమారు 38 నిమిషాలు. అంటే పడుకున్నాక ఓ నలభై నిమిషాలు మేలుకుని దొర్లితే చాలు, ఆ గుంపులోకి వెళ్లిపోతాం. రీల్స్ చూస్తుంటే నలభై నిమిషాలు ఒక లెక్కా?

ఇక్కడ ఒక డౌటు రావాలి. తక్కువ పడుకునేవాళ్లకి టెన్షన్లు ఎక్కువేమో, జలుబుకి అసలు కారణం అదేనేమో? కోహెన్ బృందం ఒత్తిడి, ఆదాయం, బరువు లాంటివన్నీ లెక్కలోకి తీసుకుని చూసినా ఫలితం నిలబడింది. ఇంకో డౌటు: మనుషులు తమ నిద్ర గురించి చెప్పే గంటలు నమ్మొచ్చా? అందుకే 2015లో ఆరిక్ ప్రాథర్, కోహెన్ తదితరులు కలిసి 164 మంది చేతికి వాచీలాంటి పరికరం కట్టి వారం రోజులు కొలిచారు. ఈసారి అయిదు గంటల లోపు పడుకున్నవాళ్లకి అవకాశం, ఏడు గంటలు దాటినవాళ్లతో పోలిస్తే నాలుగున్నర రెట్లు. ఆరు నుంచి ఏడు గంటలు పడుకున్నవాళ్లలో మాత్రం గట్టిగా చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. కాబట్టి ఆరున్నర గంటలే పడుకున్నానని కంగారుపడక్కర్లేదు. ప్రమాదం రోజూ అయిదు గంటలతో నెట్టుకొచ్చేవాళ్లకి.

లోపల ఏం జరుగుతోంది? రాత్రి మొదటి భాగంలో గాఢ నిద్ర ఎక్కువ. ఆ టైంలో కార్టిసాల్ తక్కువగా ఉంటుంది, గ్రోత్ హార్మోన్ పెరుగుతుంది. రక్తంలో తిరిగే టి కణాలు చాలావరకు లింఫ్ గ్రంథులకి వెళ్తాయి. పగలు పట్టుకున్న శత్రువు ఆనవాళ్లు వాటికి అక్కడ అందుతాయి. ఇంకోటి, టి కణం తన పని చేయాలంటే వైరస్ సోకిన కణానికి అతుక్కోవాలి. అడ్రినలిన్ ఆ అతుక్కునే శక్తిని తగ్గిస్తుందని, నిద్రలో అడ్రినలిన్ పడిపోవడం వల్ల ఆ శక్తి పెరుగుతుందని జర్మనీలోని ట్యూబింగెన్ పరిశోధకులు 2019లో చూపించారు. రేపటి పరీక్ష భయంతో గుండె దడదడలాడుతూ మేలుకోవడమంటే, వాటి చేతికి నూనె రాయడమన్నమాట.

టీకాల మీద చేసిన పరిశోధనలు నాకు ఇంకా ఆసక్తిగా అనిపించాయి. ఎందుకంటే టీకా అంటే ఒంటికి నేర్పే పాఠమే. జర్మనీలోనే ల్యూబెక్‌లో హెపటైటిస్ ఎ టీకా వేశాక కొందరిని ఆ రాత్రి పడుకోనిచ్చారు, కొందరిని మేలుకునే ఉంచారు. ఒక్క రాత్రే. నాలుగు వారాల తర్వాత చూస్తే పడుకున్నవాళ్లలో యాంటీబాడీలు దాదాపు రెట్టింపు. 2003లో అచ్చయిన ఈ ప్రయోగంలో ఉన్నది 19 మందే, చిన్న గుంపు. అయినా మన భాషలో చెప్పాలంటే, పగలు ర్యామ్‌లోకి వచ్చిన డేటా రాత్రి డిస్కులోకి సేవ్ అవుతోంది. సేవ్ అవ్వకముందే మనం కరెంటు తీసేస్తున్నాం. టీకా వేయించుకున్న రోజు రాత్రి సెకండ్ షోకి వెళ్లకపోవడం మంచిది.

జ్వరం వస్తే నిద్ర ముంచుకురావడం కూడా ఊరికే కాదు. ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు రక్షణ కణాలు విడుదల చేసే ఇంటర్‌ల్యూకిన్-1 లాంటి పదార్థాలే మెదడుని నిద్రవైపు లాగుతాయి. అమ్మమ్మ చారన్నం పెట్టి "ముసుగుతన్ని పడుకో" అన్నప్పుడు ఆ పదార్థం పేరు ఆవిడకి తెలీదు, అంతే తేడా.

మరి ఏం చేయాలి? "రోజూ ఎనిమిది గంటలు పడుకోండి" అని రాసేయడం తేలిక. మనలో చాలామంది ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీల నుంచి వచ్చాం. రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్స్, తెల్లారకముందే లేపే బెల్లు. నిద్ర అంటే చదువులోంచి దొంగిలించిన టైం అని రెండేళ్లు నూరిపోశారు. ఆ అలవాటు ఒక ఆర్టికల్ చదివితే పోదు. అందుకే చేయగలిగినవే చెప్తాను.

పడుకునే టైం కన్నా లేచే టైం ఒకటే ఉంచుకోవడం సులువు. ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి లేస్తే ఆ రాత్రి నిద్ర రాదు, సోమవారం ఫస్ట్ అవర్ గోవిందా. కెఫీన్ విషయానికొస్తే, తాగినదాంట్లో సగం వదలడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది. రాత్రి పదింటికి గేటు బయట తాగిన కాఫీలో సగం తెల్లవారుజామున మూడింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది. సాయంత్రం నాలుగుతో ఆపేస్తే నయం. మధ్యాహ్నం కునుకు తీస్తే ఇరవై నిమిషాలకి అలారం పెట్టుకోండి. పడుకున్నాక ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే అక్కడే దొర్లకుండా లేచి, మసక వెలుతురులో కూర్చుని ఏదైనా పుస్తకం తిరగేసి, కళ్లు మూతలు పడుతున్నప్పుడు మళ్లీ మంచమెక్కడం మేలు. పుస్తకం అంటే నిజమైన కాగితం పుస్తకం. మన క్లబ్ అల్మారాలో చాలా ఉన్నాయి, ఎవరూ తీసుకెళ్లట్లేదు.

"ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు" అంటారు కదా. లాస్ట్ బెంచీలో కూర్చోగానే, బస్సు ఎక్కగానే నిద్రపోయేవాణ్ణి చూసి అదృష్టవంతుడు అనుకుంటాం. చాలాసార్లు వాడు నిద్ర బాకీ ఉన్నాడని అర్థం.

పరీక్ష ముందు రాత్రి సంగతేంటి అంటారా? 1996లో అచ్చయిన ఒక అమెరికా పరిశోధనలో కొందరిని రాత్రి పది నుంచి మూడు దాకా పడుకోనివ్వలేదు. అచ్చం మన టైమింగ్సే! మర్నాడు పొద్దున వాళ్ల నేచురల్ కిల్లర్ కణాల పనితనం తగ్గింది. తర్వాత ఒక రాత్రి సరిగ్గా పడుకోగానే ఆ పనితనం మామూలుకొచ్చింది. కాబట్టి ఒక్క రాత్రి పోతే కొంప మునగదు. కానీ మన పరీక్షలు ఒక్క రాత్రితో అయిపోవు, రెండు వారాలు సాగుతాయి. గాఢ నిద్ర ఎక్కువగా మొదటి కొన్ని గంటల్లోనే వస్తుంది కాబట్టి, మరీ తప్పనప్పుడు పూర్తిగా మేలుకునే బదులు నాలుగైదు గంటలైనా పడుకుని లేవండి. పేపర్ రాసొచ్చిన మధ్యాహ్నం "ఎన్ని మార్కులొస్తాయి" అనే చర్చ మానేసి, ఆ రాత్రి త్వరగా లైటు ఆర్పండి.

ఇవన్నీ చేసినా నెల దాటి నిద్ర పట్టకపోతేనో, గురక మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతోందని రూమ్మేట్ చెప్తేనో డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు కొనుక్కోవద్దు. రూమ్మేట్ చదువుకునేవాడైతే ట్యూబ్ లైట్ బదులు టేబుల్ ల్యాంప్ పెట్టుకోమని అడగండి, కళ్ల మీద మడత పెట్టిన తుండుగుడ్డ వేసుకోండి. ఇక దోమలంటారా, నాలుగు వందలు పెట్టి దోమతెర కొనుక్కోండి.