ఆడేవారు నాలుగు రకాలు

గుడియాత్తంలో పిల్లలకు సాయంత్రం లెక్కలు చెబుతుంటాను. మగ్గం నేసే ఒక తండ్రి వచ్చి, "ఫీజుకు పెట్టిన నాలుగు వేలు మావాడు సెల్లు గేములో పోగొట్టినాడు సార్" అన్నారు.

వీడియో గేములు ఆడేవారంతా ఒకటి కాదు. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో పుట్టిన 'మడ్' ఆట నిర్మాతల్లో ఒకరైన రిచర్డ్ బార్టిల్ 1996లో వారిని నాలుగు రకాలన్నారు: మెట్లు ఎక్కాలనేవారు, మూలమూలలూ వెతికేవారు, స్నేహాల కోసం వచ్చేవారు, ఎదుటివారిని దెబ్బతీయడమే సరదా అయినవారు. వ్యాపారికి ఈ తేడాలే పెట్టుబడి. ఆట ఉచితం, అంగడి లోపల ఉంటుంది. మెట్లు ఎక్కేవారికి తొందరగా ఎక్కించే వస్తువులు, స్నేహాలవారికి బొమ్మ వేషాలు. వెతికేవారికి అమ్మడమే కష్టమని నా అభిప్రాయం.

ఆ అబ్బాయిని విడిగా అడిగాను. వేలూరుకు చదువుకు వెళ్లిన స్నేహితులు రాత్రిపూట ఆటలోనే కలుస్తారట. "పాత అంగీతో పోతే నవ్వుతారు సార్" అన్నాడు. డబ్బంతా బొమ్మ అంగీలకే పోయింది. డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను 2025లో కేంద్రం నిషేధించింది గానీ, ఇది పందెం కాదు.

సెల్లు పగలగొట్టవద్దని, చెల్లింపు పిన్ను మార్చమని తండ్రికి చెప్పాను. ఆదివారం అబ్బాయిని వేలూరు బస్సు ఎక్కించారు, స్నేహితులను చూసి రమ్మని.