అది మొండితనం కాదు

గాజువాకలో ఒక పెద్దాయన. పోర్టులో కళాసీ పని చేసేవాడు. పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. కె.జి.హెచ్.లో వైద్యం చేయించి ఇంటికి తెచ్చారు.

నెల గడిచింది. పెద్దాయన ఎవరితోనూ మాట్లాడడు. అన్నం వద్దంటాడు. ఊరికే ఏడుస్తాడు.

"మావ మొండికేసేడు" అంది కోడలు.

"గాలి సోకిందేమో" అంది పక్కింటి అత్త.

రెండూ కావు. అది దిగులు జబ్బు. పక్షవాతం మెదడుకు తగిలే దెబ్బ. అందుకే మనసు కూడా కుంగుతుంది. పక్షవాతం వచ్చిన ముగ్గురిలో ఇంచుమించు ఒకరికి ఈ దిగులు వస్తుంది.

ఎవరికి ఎక్కువ వస్తుంది?

పక్షవాతం గట్టిగా వచ్చినవారికి. మాట పడిపోయినవారికి. ముందే దిగులు ఉన్నవారికి. ఒంటరివారికి.

కొందరికి మతిమరుపు కూడా వస్తుంది. ఇంటి దారి మరిచిపోతారు. బి.పి., షుగరు అదుపు తప్పితే ఇది పెరుగుతుంది. మళ్లీ పక్షవాతం వస్తే ఇంకా పెరుగుతుంది. చుట్ట మానాలి. ఆడవాళ్లు తాగే అడ్డపొగ కూడా మానాలి.

ఏం చెయ్యాలి?

బి.పి. మాత్రలు ఆపకూడదు. రోజూ పక్కన కూర్చుని మాట్లాడాలి. ఎడం చేత్తో చేయగల చిన్న పని ఇవ్వాలి. రెండు వారాలైనా దిగులు తగ్గకపోతే డాక్టరుకు చెప్పాలి. దీనికి మందులున్నాయి. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. 14416కు ఫోను చేస్తే డబ్బులు పడవు. తెలుగులోనే సలహా చెబుతారు. "చచ్చిపోతాను" అంటే మాత్రం ఒక్క క్షణం ఒంటరిగా వదలకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

రాత్రింబగళ్లు సేవ చేసే ఇల్లాలికీ దిగులు వస్తుంది. ఆమె కూడా డాక్టరుకు చెప్పుకోవాలి. చాకిరీ ఇంటిల్లిపాదీ పంచుకోవాలి.

చర్చించండి: మీ వీధిలో పక్షవాతం వచ్చినవారు ఉన్నారా? వారితో రోజూ ఎవరు మాట్లాడుతున్నారు?