ఆట మానేసినవాడి ఒక్క నిమిషం

2015 నవంబర్‌లో కోబీ బ్రయంట్ ఆటకు వీడ్కోలు చెబుతూ బాస్కెట్‌బాల్‌కే ఉత్తరం రాశాడు. దాన్ని గ్లెన్ కీన్ పెన్సిల్ బొమ్మలతో ‘డియర్ బాస్కెట్‌బాల్’గా తీస్తే 2018 మార్చిలో ఆస్కార్ వచ్చింది. ఆ దారిలోనే కేసముద్రంలో మేం తీస్తున్నది ఒక్క నిమిషం సినిమా. కథానాయకుడు మేం ఊహించుకున్న కబడ్డీ ఆటగాడు. పేరొచ్చి, ఆట మానేశాక, ఇప్పుడు తానెవరో తేల్చుకోలేని మనిషి.

రెండు రీముల ఏ4 కాగితం, అయిదు మిల్లీమీటర్ల అద్దం, కింద ఎల్‌ఈడీ పట్టీ, రెండు రంధ్రాల పంచ్, పెన్సిళ్లు. అన్నీ కలిపి సుమారు రూ.1,400. పంచ్ చేసిన కాగితాలు చెక్కకు దిగ్గొట్టిన రెండు మేకుల్లో కూర్చుంటాయి, బొమ్మ పక్కకు జరగదు.

కథను మూడు ముక్కలు చేస్తాం: కూత 20 సెకన్లు, సెంటర్‌లో అతని ఫ్లెక్సీ కట్టడం 15, మార్కెట్ యార్డు 25. వెలిసిపోయిన అదే ఫ్లెక్సీ చివర్లో మక్కల కుప్ప మీద వానకు కప్పి ఉంటుంది. అతను దాన్ని చూస్తాడు.

సెకనుకు 12 బొమ్మలు. ముందు కీ డ్రాయింగులు, అంటే కదలిక మొదలూ చివరా గీస్తాం, తర్వాత మధ్యవి నింపుతాం. ఒక్కోదానికి పది నిమిషాలు, అంటే సెకను సినిమాకు రెండు గంటలు. రైడర్ చెయ్యి విసిరేది అర సెకను, ఆరే బొమ్మలు. వాటి మధ్య ఎడం పెరిగేకొద్దీ చెయ్యి వేగం పెరుగుతుంది.

అసలు పనితనం అతను నిలబడ్డచోట కనిపిస్తుంది. కుప్ప ముందు ఎనిమిది సెకన్లు కదలడు. ఒకే కాగితం ఉంచితే తెర మీద మనిషి చచ్చిపోతాడు. అందుకే అదే బొమ్మను నాలుగు కాగితాల మీద మళ్లీ మళ్లీ దిద్ది, వరుసగా తిప్పుతాం. గీత అర మిల్లీమీటరు తప్పాలి. తప్పకపోతే ప్రాణం రాదు, ఎక్కువ తప్పితే చలిజ్వరంలా ఉంటుంది. ఫ్లెక్సీ మీది ముఖాన్ని మాత్రం ఒక్కసారే గీసి అడుగున పెడతాం. వెలుతురు కింది నుంచి వస్తుంది కాబట్టి పై కాగితంలోంచి కనిపిస్తుంది. బొమ్మలోని వీరుడు నిశ్చలం, చూస్తున్న మనిషి వణుకు. ఈ నాలుగు కాగితాలకే ఒక పూట పోతుంది. మాకు అదేం ఎక్కువనిపించదు.

రాత్రి కిటికీలు మూసి ఫొటోలు తీస్తాం. పగటి వెలుతురు మారితే తెర మినుకుమంటుంది. ఫోన్‌ను పైనుంచి బిగించి, ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేస్తాం. సుమారు 630 కాగితాలు, ఒక్కోదానికి ఎనిమిది సెకన్లు చొప్పున గంటన్నర దాకా పడుతుంది.

చివరికి శబ్దం. కూతంటే రైడర్ ఒకే ఊపిరిలో ‘కబడ్డీ కబడ్డీ’ అనడం. ఆటలో దానికి గడువు 30 సెకన్లు. కాజీపేట–విజయవాడ లైను ఊళ్లోంచే పోతుంది కాబట్టి గూడ్సు దాటాక, దుప్పటి కప్పుకుని రికార్డు చేస్తాం. యార్డు ముక్కలో కూత ఉండదు, వట్టి ఊపిరే.

కలిపాక ముందు శబ్దం తీసేసి కథ తెలియనివాళ్లకు చూపిస్తాం. కుప్ప దగ్గర అతనికి ఏమైందని వాళ్లు అడగాలి. అడగకపోతే ఆ నాలుగు కాగితాలు మళ్లీ గీస్తాం.