రక్తంలో కొవ్వు: కొలిచేదెంత, లెక్కకట్టేదెంత?

మన హాస్టల్ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు కొందరు డి.ఎం.ఎల్.టి.లో, బయోకెమిస్ట్రీలో చేరుతున్నారు కనుక లిపిడ్ ప్రొఫైల్ గురించి నాలుగు మాటలు రాస్తున్నాం. మన ఇళ్ళల్లో ఆ రిపోర్టు చదివి చెప్పగలిగిన మొదటి మనుషులం చాలాసార్లు మనమే.

గండికోట పెద్దాయన ఒకరు 15 కి.మీ. దూరంలోని జమ్మలమడుగుకు రక్తపరీక్షకు వచ్చారనుకుందాం. ఆయన రక్తాన్ని మామూలు ట్యూబులో తీసి, అరగంట గడ్డకట్టనిచ్చి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే పైన లేత పసుపు సీరం తేలుతుంది. అందులో 10 మైక్రోలీటర్లు తీసి 1 మి.లీ. రియేజెంట్‌లో కలుపుతాం. ఇక పని ఎంజైములది. కొలెస్ట్రాల్ ఎస్టరేజ్ కొవ్వు ఆమ్లంతో అతుక్కున్న కొలెస్ట్రాల్‌ను విడదీస్తుంది. ఆక్సిడేజ్ దానినుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తుంది. పెరాక్సిడేజ్ దానితో గులాబీ రంగు తెస్తుంది. కొలెస్ట్రాల్ ఎంత ఉంటే రంగు అంత చిక్కన. 200 మి.గ్రా. స్టాండర్డ్ 0.40 చూపి, మన శాంపిల్ 0.36 చూపితే, డెసిలీటరుకు 180 మి.గ్రా. అన్నమాట. బ్లాంక్‌తో సున్నా సరిచేయడం మరవకండి, ప్రాక్టికల్స్‌లో మార్కులు పోయేది అక్కడే! పాత పద్ధతిలో గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసేవారు. ఆ బాధ ఇప్పుడు లేదు.

ట్రైగ్లిజరైడ్లను, హెచ్.డి.ఎల్.ను కూడా ఇలాగే రంగుతో కొలుస్తాం. అయితే చాలా ల్యాబుల్లో ఎల్.డి.ఎల్.ను కొలవరు, లెక్కకడతారు. 1972లో ఫ్రీడ్‌వాల్డ్, ఆయన సహచరులు ఇచ్చిన సూత్రం ఇది: మొత్తం కొలెస్ట్రాల్ నుంచి హెచ్.డి.ఎల్.ను, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతును తీసేయాలి.

పెద్దాయనకు పరగడుపున మొత్తం 200, హెచ్.డి.ఎల్. 40, ట్రైగ్లిజరైడ్లు 150 అయితే ఎల్.డి.ఎల్. 130. అదే ఆయన సంగటి, శెనక్కాయల ఊరుబిండి తిని బస్సెక్కితే ట్రైగ్లిజరైడ్లు 250కి పెరగవచ్చు. మిగతా రెండూ మారకపోయినా ఎల్.డి.ఎల్. 110కి దిగుతుంది. మనిషి అదే, రక్తమూ అదే. కానీ మందు మోతాదు నిర్ణయించేటప్పుడు డాక్టరు చూసేది ఈ అంకెనే. అందుకే సూది గుచ్చేముందు "ఏమన్నా తింటివా నాయనా, ఎన్ని గంటలకు?" అని అడిగి, ఆ సమయం చీటీ మీద రాయాలి. తిన్నాడని కసిరి వెనక్కి పంపితే ఆయనకు ఒక రోజు కూలి పోతుంది.

పన్నెండు గంటలు పస్తుండాలనే నియమం ఇప్పుడు సడలింది. మామూలు పరీక్షకు పరగడుపు తప్పనిసరి కాదని 2016లో యూరప్ నిపుణులు, 2024లో మన కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా చెప్పారు. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే మాత్రం ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం పనికిరాదు. పరగడుపున మళ్ళీ తీయాలి, లేదా ఎల్.డి.ఎల్.ను నేరుగా కొలిచే కిట్ వాడాలి.

శెనగనూనెలో కొలెస్ట్రాల్ ఉందని మన ఊళ్ళల్లో భయపడతారు. ఏ మొక్క నూనెలోనూ లెక్కలోకి వచ్చేంత కొలెస్ట్రాల్ ఉండదు, ఉండేది కొవ్వు. బాగా తిన్న మనిషి సీరం పాలలా తెల్లబడడం మీరూ చూస్తారు. దాన్ని ఒక రాత్రి ఫ్రిజ్‌లో కదపకుండా ఉంచితే, తిండి నుంచి వచ్చిన కొవ్వు మీగడలా పైకి తేలుతుంది.